రెండున్నర చుట్లు

“స్నానానికి వెళ్తున్నా. కుళాయి జోలికి పోకు” అని మా ఆయన బాత్రూమ్ తలుపేసుకున్నారు. నేను సింకు ముందు ఆగిపోయాను. చేతుల నిండా సబ్బు నురగ, ఎదురుగా గిన్నెల గుట్ట. మా ఇంట్లో వంటింటి కుళాయి తిప్పితే చాలు, షవర్‌కి చన్నీళ్లు తగ్గిపోయి గీజరులో నీళ్లు సలసలా మీద పడతాయి. అందుకని లోపల ఎవరున్నా నేను కుళాయి ముట్టుకోకూడదు. ఆయనకి పావుగంట, అత్తయ్యకి అరగంట, మా అమ్మాయి తలంటుకునే రోజైతే ఇక చెప్పనక్కర్లేదు. ఈ ఇంటికి వచ్చిన పదకొండేళ్లుగా పొద్దున్న పూట నా బతుకంతా ఆగడం, ఉరకడం, మళ్లీ ఆగడం.

నేను స్నానానికి వెళ్లినప్పుడు మాత్రం కుళాయి ఎవరైనా తిప్పొచ్చు. ఆ మాట పైకి ఎవరూ అనలేదు గానీ జరిగేది అదే. షవర్ కింద నేనెప్పుడూ తిన్నగా నిలబడి ఎరగను. గోడకి అతుక్కుని, ఒక చెయ్యి నీళ్లలో పెట్టి, వేడెక్కుతున్నాయేమోనని కనిపెట్టుకుంటూ రెండో చేత్తో ఒళ్లు రుద్దుకునేదాన్ని. ఇంట్లో వాళ్లకి నేను చెప్పని రోజు లేదు. “కాస్త పక్కకి జరిగి పోసుకోవాలమ్మా” అనేది అత్తయ్య. “పాత ఇల్లు, పాత పైపులు. సర్దుకోవాలి మరి” అనేవారు ఆయన. ప్లంబర్‌ని పిలుద్దామంటే, వాడొచ్చి ఉన్న నీళ్లు కూడా రాకుండా చేస్తాడని నవ్వేవారు.

కిందటి వారం కళ్లలో సబ్బు పడి, ఒక్క క్షణం గోడ వదిలి నీళ్ల కిందికి వచ్చాను. సరిగ్గా అప్పుడే అత్తయ్య గ్లాసు కడుక్కోవడానికి కుళాయి తిప్పింది. ఎడమ భుజం నుంచి వీపు సగం దాకా కాలిపోయింది. నా కేక విని, “స్నానానికి వెళ్తున్నానని ఒక్క మాట చెప్పి వెళ్లొద్దూ” అంది తలుపవతల నుంచి. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

నేను మందుల షాపులో పనిచేస్తాను. పక్క కౌంటర్ ఆవిడ వెనక గదిలో నా భుజానికి మందు రాస్తూ ఎలా అయిందని అడిగితే, “నేనే చూసుకోలేదు” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందా అని రోజంతా ఆలోచించాను. బొబ్బ చితికి బట్టలు తడవడం చూసిన ఓనరు, కౌంటర్‌లో బాగోదని నన్ను లోపల స్టాకు సర్దుకోమన్నాడు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే మా పిచ్చుక సింకు దగ్గర నిలబడి ఉంది. పద్నాలుగేళ్ల మా అమ్మాయిని అలాగే పిలుస్తాం. చేతిలో బ్రష్షు, నోటి నిండా నురగ. “పుక్కిలించెయ్యొచ్చుగా” అన్నాను. నోరు తెరవలేక బాత్రూమ్ వైపు వేలు చూపించింది. లోపల వాళ్ల నాన్న. చెప్పకుండానే నేర్చుకుంది, నన్ను చూసి. ఆ మధ్యాహ్నమే ప్లంబర్‌కి ఫోన్ చేశాను.

ఆదివారం వచ్చాడతను. నెరిసిన మీసాలు, నెమ్మదైన మనిషి. నేను నోరు విప్పేలోపే ఆయన అందుకుని, “మా ఆవిడకి నీళ్ల వేడి కుదరడం లేదట. గీజరు కాస్త తగ్గించి వెళ్లండి, చాలు” అన్నారు. ప్లంబర్ నా వైపు తిరిగాడు. “ఎప్పుడు కాలుతుందమ్మా? వంటింట్లో నీళ్లు వాడినప్పుడేనా?”

పదకొండేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. అవునన్నాను.

అతను షవర్ జోలికే పోలేదు. వెనక వసారాలోకి వెళ్లి, అట్టపెట్టెలు జరిపి, చన్నీళ్ల పైపు ఇంట్లోకి వచ్చే చోట ఉన్న వాల్వు పట్టుకుని చూశాడు. “సగానికి పైగా మూసేసుంది. ఒక కుళాయి తిప్పితే రెండోదానికి చన్నీళ్లెక్కడివి? గీజరుకి వేరే పైపు గనక వేడినీళ్లు మాత్రం తగ్గవు.”

“ఓ, అదా” అని ఆయన తల గోక్కున్నారు. “ఈ ఇంట్లో దిగిన కొత్తలో పైపు మోతకి మధ్యాహ్నం కునుకు పట్టేది కాదు. నేనే తిప్పాను. మర్చేపోయాను సుమా.”

ప్లంబర్ వాల్వు తిప్పాడు. రెండున్నర చుట్లు. తర్వాత వంటింటి కుళాయి పూర్తిగా వదిలి, నన్ను షవర్ కింద చెయ్యి పెట్టమన్నాడు. గోరువెచ్చగా పడుతున్నాయి నీళ్లు. ఎంతసేపు పెట్టినా మారలేదు. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. ఇంతేనా అనిపించింది.

వసారాలోకి వచ్చేసరికి గోడలో పైపు హోరుమంటోంది. ఆయన మొహం చిట్లించారు. “ఇదిగో, ఈ మోతే. ఒక్క చుట్టు వెనక్కి తిప్పెయ్యండి మేస్త్రీ. మావాళ్లకి అలవాటేలే.”

అతని చెయ్యి వాల్వు మీద ఆగింది. గుమ్మంలోంచి పిచ్చుక నన్నే చూస్తోంది.

“తిప్పొద్దు” అన్నాను. “ఆ తిప్పే చక్రం ఊడి వస్తుందా?”

“మర ఒకటి విప్పితే వచ్చేస్తుందమ్మా. ఎప్పుడన్నా నీళ్లు ఆపాలంటే మేడ మీద ట్యాంకు దగ్గర ఇంకోటుంది.”

“అయితే తీసి నాకివ్వండి.”

మర విప్పుతున్నంతసేపూ ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. చివరికి, “నన్నొక మాట అడగాలనిపించలేదా?” అన్నారు.

“కాలింది నా ఒళ్లు” అన్నాను, చిన్న ఇనప చక్రాన్ని గుప్పిట్లోకి తీసుకుంటూ. “నన్నే అడిగాను.”