కొత్తపేటలో లలితమ్మ వాంగ్మూలం

తుంటి ఎముక విరిగిన లలితమ్మ కోర్టుకు రాలేని స్థితిలో ఉంది కాబట్టి, ఆమె సాక్ష్యం ఇంట్లోనే నమోదు చేసి తెమ్మని ఎల్బీ నగర్ కోర్టు అడ్వకేట్ కృష్ణకుమారిని కమిషనర్‌గా వేసింది. టైపిస్టు సంతోషిని వెంటబెట్టుకుని కృష్ణకుమారి కొత్తపేటలో లలితమ్మ ఉండే ఫ్లాట్‌కు చేరేసరికి ఎండ ముదిరింది.

తగాదా దిల్‌సుఖ్‌నగర్‌లోని చీరల షాపు గురించి. లలితమ్మ కొడుకులిద్దరూ కలిసి పెట్టిన షాపు అది. పెద్దవాడు శ్రీనివాస్ జబ్బు చేసి పోయాడు. పోయే ముందు దవాఖానలో తన వాటా వదులుకుంటూ సంతకం పెట్టాడని చిన్నవాడు అభిలాష్ అంటాడు. అది అబద్ధమని శ్రీనివాస్ భార్య జ్యోతిక దావా వేసింది. సంతకం తన కళ్ళముందే జరిగిందని లలితమ్మ అప్పటికే అఫిడవిట్ ఇచ్చింది. ఆమె ఉంటున్నది అభిలాష్ ఇంట్లోనే.

మంచం పక్కన రెండువైపుల వకీళ్ళు కూర్చున్నారు. జ్యోతిక గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో తల వంచుకుని ఉంది. అభిలాష్ మాత్రం తల్లి కాళ్ళవైపు, ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

లలితమ్మ ప్రమాణం చేసింది. జ్యోతిక తరఫు వకీలు రామమోహనరావు క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టాడు.

"అమ్మా, సంతకం పెట్టేటప్పుడు మీరు గదిలోనే ఉన్నారా అండీ?"

లలితమ్మ కొడుకు మొహం చూసి, "ఉన్న" అంది.

"మీ పెద్దబ్బాయి మీతో ఏమైనా మాట్లాడారా?"

మళ్ళీ కొడుకు మొహమే చూసింది. సంతోషి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"అభిలాష్ గారూ, మీరు అమ్మ వెనకాల కూర్చోండి" అంది కృష్ణకుమారి.

"నా ఇల్లు, నా కేసు. బయటికి పొమ్మంటరా ఏంది?"

"పొమ్మనను. కూర్చునే చోటు మాత్రం మార్చమంటున్న. మార్చకపోతే అది కూడా రాసుకుంట."

అతని వకీలు పట్టాభి కళ్ళతో సైగ చేశాడు. అభిలాష్ కుర్చీ విసురుగా లాక్కుని మంచం తలవైపు వేసుకున్నాడు.

రామమోహనరావు అదే ప్రశ్న నెమ్మదిగా మళ్ళీ అడిగాడు. ఇప్పుడు లలితమ్మ ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు.

"ఏం మాట్లాడతడు. పెద్దోడు సోయిల లేకుండె. చిన్నోడే ఆని చెయ్యి పట్టి పెట్టించిండు."

స్పృహ లేని పెద్దకొడుకు చేత సంతకం పెట్టించిన సంగతి బయటపెట్టేశానని లలితమ్మకు అప్పుడు తట్టినట్టుంది. పక్కనున్న కృష్ణకుమారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గా మాట రాయకు బిడ్డా."

రాస్తే ఈ ముసలామెకు సాయంత్రం అన్నం ఎవరు పెడతారన్నది ఎవరూ చెప్పలేరు. రాయకపోతే జ్యోతికకు ఇక అడిగే చోటు లేదు. కానీ రాయాలా వద్దా అన్నది తన చేతిలో లేదు.

"ప్రమాణం చేసినంక మీరు చెప్పింది నేను దాచలేనమ్మా. తప్పు చెప్పిన అనుకుంటే సరిచేసి చెప్పుండ్రి. అది కూడా రాస్త."

"అమ్మకు సోయి లేదు మేడమ్, గోలీలు మింగింది" అన్నాడు అభిలాష్ వెనకనుంచి.

లలితమ్మ వెనక్కి తిరగలేదు. గోడవైపే చూస్తూ, "సోయి నాకున్నది" అంది. "లేనిది పెద్దోనికి. రాసుకో."

కీబోర్డు చప్పుడు మొదలైంది. పట్టాభి అభ్యంతరం చెప్పాడు, దాన్నీ రాశారు. కాగితాలు ప్రింటు తీసి కృష్ణకుమారి అంతా తెలుగులో చదివి వినిపించింది. లలితమ్మ సంతకం చేసింది.

అభిలాష్ తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "షాపు మునగకుండ గిన్నేండ్లు నేనే కదనే నిలబెట్టింది" అన్నాడు. ఆమె ఏదో అనబోయేలోపే వెళ్ళిపోయాడు.

"వాడు చెప్పులేసుకోలె" అంది లలితమ్మ. "కాళ్ళు కాలుతయి."

ఎవరితో అన్నదో తెలియలేదు. జ్యోతిక లేచి, గుమ్మం దగ్గరున్న మరిది చెప్పులు చేతపట్టుకుని మెట్లు దిగింది. కిందినుంచి మాటలు వినబడలేదు. కాసేపటికి వట్టి చేతులతో తిరిగొచ్చి అత్త పక్కన కూర్చుంది. ఆ రోజు అన్నం కలిపి తినిపించింది ఆమే.

కేసు తీర్పుదాకా పోలేదు. శ్రీనివాస్ వాటా జ్యోతికకు ఇస్తానని అభిలాష్ రాజీకొచ్చాడు. ఆ కాగితాలు దాఖలు చేసే రోజున కృష్ణకుమారి వాళ్ళను కోర్టు ఆవరణలో చూసింది. తల్లీకొడుకులు మాట్లాడుకోవడం లేదని పట్టాభి చెప్పాడు. లలితమ్మ వాకర్‌తో మెట్ల దగ్గర ఆగింది. అభిలాష్ వేరేవైపు చూస్తూనే ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.