జనగామలో ఆరు నెలలు

"పుట్టింటి నీళ్లు మంచిగ పడ్డయి నీకు. రంగు తేలినవు" అంది పక్కింటి లలితమ్మ, గుడి వంటింటి గడప అవతల నిలబడి. కోమలవల్లి పులిహోర కోసం వండిన అన్నాన్ని పెద్ద పళ్లెంలో ఆరబోస్తూ నవ్వింది. నెల రోజులుగా సందులో ఆడవాళ్లు ఎవరు ఈ మాట అన్నా ఇలాగే నవ్వుతోంది. పుట్టిల్లు జనగామ. అక్కడి ఎండకు మనిషి నల్లబడాలి గానీ రంగు తేలడమేమిటని లలితమ్మకు తోచలేదు, అదొక అదృష్టం. పుట్టింట్లో ఉందనుకున్న ఆ ఆరు నెలల్లో కోమలవల్లి జనగామ మొహమే చూడలేదు. తను ఉన్నది డెన్మార్కులో. ఆ సంగతి హైదరాబాదు పాతబస్తీ జహనుమాలోని ఈ సందులో నలుగురికే తెలుసు. ఆమె కాక మిగిలిన ముగ్గురూ అలాంటిదేమీ జరగనట్టే మసులుకుంటున్నారు.

ఆ ముగ్గురిలో పెద్దవారు మామగారు జగన్నాథం, ఈ గుడి అర్చకులు. అత్తగారు అలివేలమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచి స్వామి ప్రసాదాలు వండేది. కోడలు వచ్చాక ఆ గరిటె కోడలి చేతికి వచ్చింది. భర్త వైకుంఠం కరెంటాఫీసులో గుమాస్తా. కోమలవల్లి తెల్లవారకముందే లేచి మడి కట్టుకుని ప్రసాదాలు వండి, ఇంటి వంట చేసి, తలారకుండానే బస్సెక్కి ఎం.బి.ఎ. చదువుతుండేది. క్లాసులో మొదటి మార్కులు ఆమెవే. ఆ ఏడాది వాళ్ల కాలేజీకీ కోపెన్‌హాగెన్‌లోని ఒక బిజినెస్ స్కూలుకూ ఒప్పందం కుదిరింది. అక్కడి నుంచి ఒకరు ఇక్కడికి, ఇక్కడి నుంచి ఒకరు అక్కడికి, ఆరు నెలలు. ఖర్చంతా వాళ్లదే. పిలిచింది ఆమె పేరే.

ఫారిన్ చదువంటే ఆఫీసరు పోస్టు ఖాయమని వైకుంఠం మొదట పొంగిపోయాడు. తండ్రి గుర్తుకొచ్చేసరికి ఆ పొంగు చల్లారింది. జగన్నాథం గారు కోడలితో ఒక్క మాట అనలేదు, అనవలసింది భార్యతో చెప్పించారు. సముద్రం దాటివచ్చిన మనిషి స్వామికి వండుతోందని తెలిస్తే నలుగురూ ఏమంటారు? పోవద్దని ఆయన అనలేదు. పోయినట్టు తెలియకూడదన్నారు. ఉపాయం వైకుంఠానిదే. జనగామలో ఒక్కతే ఉండే తన అత్తగారు, కోమలవల్లి తల్లి ఆండాలుకు కాలు విరిగిందనీ, చేసేవాళ్లు లేక కూతురు వెళ్లిందనీ చెబుదామన్నాడు. "జరమంటే వారంల తగ్గుతది. ఆర్నెల్లు నడవాలెనంటే కాలే నయం" అన్నాడు.

కాలు ఎవరిదో ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. కోమలవల్లి కూడా జనగామ వెళ్లి అడగలేదు, చెప్పి వచ్చింది. ఆండాలు చాటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది. "సరే బిడ్డా. ఏ కాలు?" అంది. ఎడమదని కోమలవల్లి చెప్పింది.

ఆ దేశంలో ఆమె ఒంటరితనం ఇంతా అంతా కాదు. మధ్యాహ్నం దాటగానే చీకటి పడేది. పెరుగూ రొట్టే తిని కిటికీ దగ్గర కూర్చుంటే కింద వీధిలో పోయే ఒక్క మనిషీ తలెత్తి చూసేవాడు కాదు. ఇంటికి ఉత్తరం రాద్దామంటే విదేశీ స్టాంపు పోస్టుమాన్ కంట పడుతుందని వైకుంఠం వద్దన్నాడు. ఆదివారాలు ఓడరేవు దాకా నడిచి, ఎవరూ లేని చోట చూసి తెలుగులో పైకి మాట్లాడుకునేది, నోరు మరిచిపోకుండా. కానీ అక్కడే ఒకటి జరిగింది. ఎవరి ఇంట్లో ఏ పని ఎలా జరుగుతుందో చెప్పమని మేష్టారు అడిగినప్పుడు ఆమె గుడి వంటింటి గురించి చెప్పబోయి ఇంగ్లీషు మాట దొరక్క ఆగింది. క్లాసంతా ఆగింది. ఎవరూ మాట అందించలేదు, నవ్వలేదు, ఆమెకు మాట దొరికేదాకా ఊరికే చూస్తూ కూర్చున్నారు. పుట్టాక తన మాట పూర్తయ్యేదాకా ఒకరు ఆగడం ఆమె ఎరగదు. చెప్పడం అయ్యాక ఆ మేష్టారు, మరి నువ్విక్కడ ఉంటే ఇప్పుడా పని ఎవరు చేస్తున్నారని అడిగాడు. నొప్పి నడుంతో గంగాళాలు ఎత్తే అలివేలమ్మ గుర్తొచ్చి కోమలవల్లి తల దించుకుంది. ఇంటికి పోయి ఇవన్నీ చెప్పాలనుకుంది. ఆ చలిలో ఆమెను నిలబెట్టింది ఆ ఒక్క ఆశే.

చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. బొంబాయి రైలు దిగగానే వైకుంఠం పెట్టెకున్న విమానం చీటీలు పీకేసి, మార్కెట్లో రెండు సొరకాయలు కొని ఆమె ఒళ్లో పెట్టాడు, జనగామ నుంచి వచ్చినట్టు కనబడాలని. రిక్షాలో సందులోకి వస్తుంటే ఆ సొరకాయల్ని పసిపిల్లల్లా పట్టుకుని కూర్చుంది. అలివేలమ్మ పెరటి తలుపు గడియ పెట్టి, తలస్నానం చేయించి, పంచగవ్యం మింగించింది. "నువ్వు సల్లగ పోయొచ్చినవు. ఆర్నెల్లు ఈ గంగాళాలన్నీ నా నడుం మీదనే పడ్డయి" అంది. అది నిజమే. మర్నాడే ఆ గంగాళాలు కోమలవల్లి చేతికి వచ్చాయి. అక్కడ కొనుక్కున్న పాత ఉన్నికోటు ట్రంకుపెట్టె అడుగుకు పోయింది. కాలేజీలో జూనియర్లకు అనుభవాలు చెప్పమని పిలిస్తే, పేపరులో వస్తుందని వైకుంఠం పోనివ్వలేదు. ఉద్యోగాల అప్లికేషన్ల సంగతి ఏమిటని ఆమె అడిగితే, "కాయితం మీద రాసుకో. నోటితోని అనకు. పంపించినం గద, ఇంకేం కావాలె నీకు?" అన్నాడు. అక్కడ ఒంటరిగా ఉన్నప్పుడు కనీసం ఎందుకు ఒంటరో తెలిసేది. ఇక్కడ ఇంటినిండా మనుషులు, పొద్దున లేస్తే పలకరింపులు, వాటిల్లో ఒక్కటీ తనకు తగలదు. లేని ఆరు నెలల గురించి అందరూ అడుగుతారు, ఉన్న ఆరు నెలల గురించి అడిగేవాళ్లు లేరు. కొన్నాళ్లు పోతే తనకే అనుమానం వస్తుందేమో, జనగామలోనే ఉన్నానేమోనని. ఆ భయం ఆమెను లోపల తినేస్తోంది.

ఫాల్గుణంలో స్వామి కల్యాణానికి ఆండాలు వచ్చింది. కూతురు తిరిగొచ్చాక తల్లిని చూడటం ఇదే మొదటిసారి. పలకరించేలోపే ఆడవాళ్లు ఆమెను మండపంలో చుట్టేశారు. కోమలవల్లి పులిహోర గంగాళం ఎత్తుకుని వచ్చేసరికి తల్లి కాలు చాపుకుని తన కథ చెబుతోంది. పక్కింటివాళ్లు ఊరుకోక కట్టు కట్టేవాణ్ని పిలుచుకొచ్చారట, వాడు వెదురుబద్దలు పెట్టి బిగించాడట, నెలన్నర విప్పనివ్వలేదట. అమ్మకు కథలు కూడా వచ్చే అనుకుని కోమలవల్లికి నవ్వొచ్చింది. అంతలో ఆండాలు చీర కుచ్చెళ్లు కొంచెం పైకి లాగి చూపించింది. పిక్క సన్నబడి ఉంది. రెండు పక్కలా బద్దలు ఒరిసిన నల్లటి చారలు.

కోమలవల్లి అక్కడే నిలబడిపోయింది. మంచి కాలుకు కట్టు. తను ఓడరేవులో నడిచిన రోజుల్లో తల్లి మంచం మీద, ఏమీ కాని కాలును కట్టించుకుని, వద్దంటే అబద్ధం బయటపడుతుందని నోరు మూసుకుని పడుకుంది.

తీర్థం ఇస్తున్నారని ఆండాలు లేచి నడిచింది. తొందరలో కుడికాలు ఈడ్చింది.

"అదేంది ఆండాలమ్మా, ఎడమ కాలంటిరి. కుడిది ఈడుస్తున్నరు?" అంది లలితమ్మ.

ఆండాలు ఠక్కున ఆగింది. కూతురి వైపు చూసి, అల్లుడి వైపు చూసి, గబగబా ఎడమకాలు ఈడ్చడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. వైకుంఠం కూడా నవ్వాడు. "పెద్దతనం గద, మతి నిలువదు. ఏ కాలో ఆమెకే యాదికుండదు" అన్నాడు. ఆండాలు కూడా నవ్వబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, సక్కగ నడువు" అంది కోమలవల్లి. గొంతు పెద్దదేమీ చేయలేదు. "నీ కాలుకు ఏం కాలేదు. నేను జనగామల లేను లలితమ్మా. డెన్మార్కుల ఉన్న. సముద్రం దాటి సదువుకోనీకి పోయిన."

గర్భగుడి గడప దగ్గర జగన్నాథం గారి చేతిలో తీర్థం గిన్నె అలాగే ఉండిపోయింది. వైకుంఠం దగ్గరకొచ్చి ఇంటికి నడువమన్నాడు, పెదవులు కదలకుండా. ఆమె కదల్లేదు. అలివేలమ్మ లేచి వచ్చి కోడలి చేతుల్లోంచి పులిహోర గంగాళం తీసుకుంది. ఆ గరిటె ఇక తన చేతికి రాదని కోమలవల్లికి తెలిసింది. మాట నోరు దాటిపోయింది, వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు. చేతులు తేలికయ్యాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

ఆండాలు మండపం మధ్యలో రెండు కాళ్లూ నేలకానించి కాసేపు నిలబడింది. అలవాటు తప్పి మొదటి అడుగులు తడబడ్డాయి. తర్వాత తిన్నగా, అందరి మధ్య నుంచి నడిచి వచ్చింది. కూతురి చేయి పట్టుకుని మెట్టు మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇగ చెప్పు బిడ్డా" అంది అందరికీ వినబడేలా. "ఆడ ఎట్లుంటది? ఏం తిన్నవు, ఎవరితోని మాట్లాడినవు? మొదటి సంది చెప్పు. నాకేం తొందర లేదు."