కాంట్రాక్టరు జీపుకి కొత్త ప్లగ్గులు

కొండ దారి మొదట్లో స్పేర్‌పార్ట్స్ దుకాణం నడిపే ఆమెని అందరూ అక్క అనే పిలుస్తారు. పొద్దున్నే షట్టరెత్తి, అద్దం బల్ల తుడిచి, స్పార్క్ ప్లగ్గుల పెట్టెలు సర్దుకుంటుంది. కొనేవాళ్ళు మాత్రం తిన్నగా ఆమె దగ్గరికి వెళ్ళరు. ముందు పక్కనున్న టీకొట్టాయన్ని అడుగుతారు, "ఇవాళ అక్క ఎలా ఉంది?" అని. పాడుకుంటోందంటేనే గడప తొక్కుతారు. ఆమె కోపంగా ఉంటే ఆ కోపం చేతిలోంచి ప్లగ్గుల్లోకి దిగుతుంది మరి. ఆమె కాస్త విసుక్కుంటూ అమ్మిన ప్లగ్గు వేసినా చాలు, తాళంచెవి తీసేశాక కూడా బండి కాసేపు గుడగుడలాడుతూనే ఉంటుంది. వానొస్తే గొడుగు తీసినట్టు, జనం దానికి తగ్గట్టు నడుచుకుంటారు.

లోపల ఆమె తమ్ముడు పాత ప్లగ్గుల మసి గోకుతుంటాడు. మూడేళ్ళ కిందట పట్టపగలు క్వారీ కాంట్రాక్టరు జీపు అతని సైకిల్ని గుద్ది, ఆగకుండా పోయింది. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. "దుమ్ములో కనపళ్ళేదు" అన్నాడు కాంట్రాక్టరు. జనం నమ్మినట్టే నటించారు. క్వారీ కూలి తినని ఇల్లేది? అక్కకి మాత్రం ఆ మాట ఈనాటికీ అరగలేదు.

అప్పట్నించీ కాంట్రాక్టరు ఆ దుకాణం ఛాయలకి రాలేదు. ఒక ఉదయం అతని జీపు ఎత్తు ఎక్కలేక సరిగ్గా అక్కడే మొరాయించింది. టీకొట్టాయన తొంగిచూసి చెప్పాడు.

"పాడుతోందండీ. భయం లేదు."

కోపంలో పాడటం ఆమె ఈ ఒక్క బేరం కోసమే నేర్చుకుంది.

"రోజూ కొండెక్కే బండమ్మా. ఖరీదైనవే ఇవ్వు" అన్నాడు కాంట్రాక్టరు.

"ఖరీదుతో పనిలేదండీ. బరువు లాగే బండికి త్వరగా చల్లారే ప్లగ్గులుండాలి."

అబద్ధమాడలేదు. అలాంటివే తీసింది. ఒక్కోదాన్నీ గుప్పిట్లో బిగించి, తుడిచి, గ్యాపు చూసి ఇచ్చింది.

ఏమీ మాట్లాడకపోతే బాగుండదని, "మీ తమ్ముడు కులాసానా?" అన్నాడతను.

"కూర్చునే ఉంటాడు" అంది.

జీపు బుద్ధిగా కొండెక్కింది. క్వారీ దగ్గర తాళంచెవి తీస్తే ఆగలేదు. బ్రేకు తొక్కితే ఆగలేదు. పెట్రోలు అయిపోయినా ఆగలేదు. దూకబోతే తలుపు చెయ్యి కాల్చింది. పిల్లల్నీ కుక్కల్నీ జాగ్రత్తగా తప్పించుకుంటూ కొండ దిగి, వీధులన్నీ చుట్టి, మళ్ళీ కొండెక్కింది. ఆ రోజే కాదు, ఆ తర్వాతా అంతే. అతని భార్య మూలమలుపులో నిలబడి అన్నం పొట్లం కిటికీలోకి విసిరేది. మేస్త్రి పక్కనే పరుగెడుతూ ఆ రోజు పనేమిటో అడిగి తెలుసుకునేవాడు.

మొదట్లో కాంట్రాక్టరు దుకాణం ముందునుంచి పోతూ బూతులు తిట్టాడు. తర్వాత బతిమాలాడు. ఒక మధ్యాహ్నం వీధి వీధంతా వినేలా అన్నాడు.

"చూశాను తల్లీ. చెయ్యెత్తాడు. చూసే పోయాను."

టీకొట్టాయన తలదించుకున్నాడు. తమ్ముడు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఒప్పుకున్నాడుగా అక్కా. ఇంకెప్పుడు ఆపుతావ్?"

"నీ కాలు మొలిచిన రోజున" అంది అక్క.

జీపు మళ్ళీ కొండ దిగుతున్న చప్పుడు వినపడగానే తమ్ముడు లోపలికెళ్ళి కుర్చీ తెచ్చుకుని, రోడ్డు బాగా కనపడే చోట వేసుకుని కూర్చున్నాడు.