లండన్ నుంచి బొంబాయికి దారం

గొప్పలు చెప్పుకోవడం నాకు జబ్బు. ఉప్పల్‌లో మ్యాపులు గీసే ఉద్యోగం, నాచారంలో కాపురం. ఎవరు ఏ ఊరి పేరెత్తినా అదెంత దూరమో చెప్పేదాకా నాకు అన్నం సహించదు.

అరవై తొమ్మిది మే నెల, సోమవారం పొద్దున, పక్కింటి సామ్యేలు భార్య మార్తమ్మ వదిన పోయింది. ఒక్కతే కూతురు రూతు లండన్‌లో నర్సు. అమ్మ ముఖం చూడాలి, నేను వచ్చేదాకా ఉంచమని టెలిగ్రాం ఇచ్చింది. మంగళవారం అక్కడ మధ్యాహ్నం మూడింటికి విమానం ఎక్కుతుందట. బొంబాయికి ఎప్పుడు చేరేదీ అందులో లేదు.

"గంగాధర్ తమ్మీ, జర లెక్కజేసి చెప్పు. పిల్ల ఎప్పటికొస్తది? ఎండకు ఐసు నిలుస్తలేదు" అన్నాడు సామ్యేలు.

అడగడమే ఆలస్యం. మా గోడకున్న ప్రపంచ పటం పట్టుకొచ్చి చుట్టాలందరి ముందూ పరిచాను. లండన్ మీద దారం పెట్టి బొంబాయి దాకా లాగి, పటం అడుగునున్న స్కేలుతో కొలిచాను. ఐదువేల ఎనిమిది వందల మైళ్ళు! పదకొండు గంటల ప్రయాణం, మధ్యలో ఒక గంట ఆగుతుంది. అక్కడ మూడంటే మనకు రాత్రి ఏడున్నర.

"బుధవారం పొద్దున ఏడున్నరకి బొంబాయిలో దిగుతుంది. ఏడింటి హైదరాబాద్ విమానం అందదు. ఇక సాయంత్రం విమానమే. చీకటి పడ్డాకే ఇల్లు చేరేది" అన్నాను.

"పక్కా గదా తమ్మీ?"

"మ్యాపులు నా పనన్నా!" అన్నాను. ఛీ, ఏం పొగరు!

అంతసేపు ఉంచలేమని బుధవారం ఎనిమిదిన్నరకే పాస్టరుగారు ప్రార్థన చేశారు. సమాధుల తోటలో మట్టి వేసి పదింటికి తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు రూతు టాక్సీ దిగుతోంది.

"ఐదింటికే బొంబాయిల దిగిన నాయినా. ఏడింటి విమానం దొరికింది. అమ్మేది?"

అప్పుడు వెలిగింది నా బుర్ర. గుండ్రటి భూమిని చదును కాయితం మీద గీస్తే ఉత్తరపు దేశాలు ఉన్నదానికన్నా సాగిపోతాయి. అడుగునున్న స్కేలు భూమధ్యరేఖ దగ్గర తప్ప పనికిరాదు. ఆఫీసులో కొత్తవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే! అసలు దూరం నాలుగున్నర వేల మైళ్ళే.

"జరసేపు ఆగకపోతివి నాయినా! నేను రానని ఎవరన్న చెప్పిన్రా?" రూతు నేల మీద కూలబడి ఏడుస్తోంది.

సామ్యేలు ఒక్కసారి నా వైపు చూశాడు. "ఎవ్వరు జెప్పలె బిడ్డా. నేనే తొందరపడ్డ" అన్నాడు.

నేను చెప్పానమ్మా అనడానికి ఎంతసేపు? అనలేదు. సిగ్గుతో చచ్చిపోతూ మా ఇంట్లోకి జారుకున్నాను.

ఉన్న వారం రోజులూ రూతు తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళేనాడు మాత్రం మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాయినను జర సూస్కో కాకా. నీ మాటంటే నమ్ముతడు" అంది.