పదకొండో బొమ్మ

పది బొమ్మలకు మనుషులు కుదిరారు. పదకొండోది గోల్‌కీపర్ బొమ్మ. దాని గురించి ఎవరికీ పేచీ లేదు కాబట్టి ఆఖరికి ఉంచారు.

క్లబ్బు పుట్టి యాభై ఏళ్ళవుతోందని, ఇన్నేళ్ళలో ఆడినవాళ్ళలో పదకొండు మంది గొప్పవాళ్ళ బొమ్మలు మైదానం ప్రహరీగోడ మీద వేయించాలని అభిమానులు అనుకున్నారు. అది మూడో డివిజన్ క్లబ్బు. రెండో డివిజన్‌కు ఎన్నడూ ఎక్కింది లేదు. ఒక ఏడాది మాత్రం నాలుగో డివిజన్‌లోకి జారిపోబోయి ఆఖరి ఆటలో నిలబడింది. ఆ నిలబడిన రోజు గురించే నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు.

ఆదివారం మధ్యాహ్నాలు షెడ్డు వెనక డ్రెస్సింగ్ రూములో కూర్చునేవారు. ఎనిమిది తొమ్మిది మంది, అందరూ అరవై దాటినవాళ్ళే. సిమెంటు అరుగులు, జెర్సీలు తగిలించే మేకులు, ఎన్ని ఎండలు కాసినా పోని తడివాసన.

ఆ క్లబ్బులో జ్ఞాపకానికి ఒక పద్ధతి ఉంది. మైదానానికి ఒక పక్క రేకుల షెడ్డు, ఎదుటి పక్క ఉత్త గోడ. షెడ్డు కింద నిలబడి చూసినవాళ్ళు షెడ్డువాళ్ళు, గోడెక్కి కూర్చుని చూసినవాళ్ళు గోడవాళ్ళు. ఎవరు ఏ గొప్ప చెప్పినా అటు ఒకరూ ఇటు ఒకరూ చూసి ఉండాలి. ఒకరు చెబుతుంటే రెండో మనిషి బయటికి పోయి నిలబడాలి. తర్వాత లోపలికొచ్చి తను చూసింది తన మాటల్లో చెప్పాలి. రెండూ కలిస్తేనే జరిగినట్టు. పూర్వం ఒకాయన సగం మైదానం నుంచి పడిన గోల్ గురించి పదేళ్ళు చెప్పుకు తిరిగాడట. ఆయన చెప్పే రోజున అసలు ఆటే లేదని తర్వాత బయటపడిందట. అప్పటినుంచీ ఈ పద్ధతి.

గోడవాళ్ళ తరఫున రిటైరైన బస్సు కండక్టర్ చెప్పేవాడు. షెడ్డువాళ్ళ తరఫున పోస్ట్‌మాన్. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు, ఒకరి మాట ఒకరు పడనివ్వరు.

వాళ్ళ నోటివెంట ఆ పది మందీ ఒక్కొక్కరే ఆ గదిలోకి వచ్చారు. పొద్దున గడ్డాలు గీసి, మధ్యాహ్నం ఎడమవైపున పరుగెత్తిన బార్బర్. అతను బంతి పట్టుకుపోతుంటే అడ్డొచ్చినవాడు తన చెంప తడుముకునేవాడని పోస్ట్‌మాన్ అన్నాడు. ఎదురొస్తే మనుషులు తప్పుకుని దారిచ్చే, లారీ అని పేరుపడ్డవాడు. వానలో బంతి తన నున్నటి తల మీద జారి గోల్లో పడితే, అవతలి గోల్‌కీపర్ దగ్గరికెళ్ళి, కావాలని చేయలేదని చెప్పొచ్చిన గుండు. ఆ గోల్ గుండు కుడిచెవి వైపు నుంచి జారిందా ఎడమచెవి వైపు నుంచా అని ఒక ఆదివారమంతా గడిచిపోయింది. కండక్టర్ ఎడమ అన్నాడు, పోస్ట్‌మాన్ కుడి అన్నాడు. చివరికి, చెవులు బొమ్మలో ఎటూ పడవని గుండును ఒప్పుకున్నారు.

వీటన్నిటిలోనూ తాళం ఒక మూల కూర్చుని వినేవాడు. అతను టైలరు. గోల్‌కు తాళం వేసినవాడని, క్లబ్బు నిలబడిన ఆ ఆఖరి ఆట తర్వాత ఆ పేరొచ్చింది. అసలు పేరు అతని దుకాణం బోర్డు మీద మాత్రమే ఉంది, అదీ సగం వెలిసిపోయింది.

కింద దుకాణం, పైన ఒక గది. భార్య పోయి ఆరేళ్ళయింది. ఆమె ఉన్నప్పుడు కింద మిషను ఆగితే పైనుంచి పిలుపు వచ్చేది, అన్నానికో, ఊరికేనో. ఇప్పుడు మిషను ఆగితే ఆగినట్టే. బట్టలు కుట్టించుకునేవాళ్ళు తగ్గారు, జిప్పులు మార్పించుకునేవాళ్ళు మిగిలారు. ఎవరూ రాని రోజున అతను దుకాణం మూసి, టీకొట్టుకు దగ్గరి దారి ఉన్నా చుట్టూ తిరిగి బజారులోంచి వెళ్ళేవాడు. ఆ దారిలో కనీసం ఇద్దరు "ఏం తాళం" అనో, "తాళం బాబాయ్" అనో పలకరిస్తారు. ఆ ఆట నాటికి పుట్టనివాళ్ళు కూడా పలకరిస్తారు. ఆ రెండు పిలుపులతో అతనికి రోజు గడిచేది.

అయితే ఆ రోజు గోల్ ఆపింది అతను కాదు.

ఆపింది ఫిట్టర్. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవాడు, క్లబ్బుకు మొదటి గోల్‌కీపర్. తాళం రెండో గోల్‌కీపర్, అంటే ఐదేళ్ళు బెంచీ మీద కూర్చున్నవాడు. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే ఒంటి తీరు, ఆ రోజుల్లో అందరికీ ఉన్న అదే మీసం. క్లబ్బుకు గోల్‌కీపర్ జెర్సీ ఒక్కటే ఉండేది, ఆకుపచ్చది. ఎవరు గోల్లో ఉంటే వాళ్ళు తొడుక్కోవాలి.

ఆ ఆఖరి ఆటలో గోల్స్ సమానంగా ఉన్నా చాలు, క్లబ్బు నిలబడుతుంది. రెండో సగంలో ఫిట్టర్ కుడిచేతి వేళ్ళు రెండు వంగిపోయాయి. అప్పుడే వాన దంచికొట్టింది. రెఫరీ ఆట ఆపాడు, అందరూ లోపలికి పరుగెత్తారు. ఫిట్టర్ జెర్సీ విప్పి ఇస్తే తాళం తొడుక్కుని, వాన కాస్త తగ్గగానే బయటికొచ్చి షెడ్డు ముందు చేతులు ఊపుతూ ఒళ్ళు వేడెక్కించుకున్నాడు. షెడ్డువాళ్ళూ చూశారు, గోడవాళ్ళూ చూశారు, చప్పట్లు కొట్టారు. ఐదేళ్ళలో అతనికి పడిన మొదటి చప్పట్లవి. రెండు నిమిషాలైనా కాకముందే కోచ్ లోపలికి పిలిచాడు. వేళ్ళకు గుడ్డ చుట్టుకుని ఫిట్టర్ నిలబడి ఉన్నాడు. "ఇటివ్వు" అన్నాడు. తాళం విప్పి ఇచ్చాడు.

తర్వాత అంతా బురద, దూరం నుంచి ఎవరి మొహమూ ఆనవాలు తెలియదు. ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ. ఆకుపచ్చ జెర్సీ ఎడమవైపు దూకి ఎడమచేత్తో బంతిని బయటికి కొట్టింది. ఈల మోగగానే కోచ్ ఫిట్టర్‌ను వెనక దారిన ఆసుపత్రికి తీసుకుపోయాడు. చిరిగిన జెర్సీలు కుట్టి తెచ్చేది తాళమే కాబట్టి, మోచేతి దగ్గర పిగిలిన ఆకుపచ్చ జెర్సీ భుజాన వేసుకుని అతను బయటికొచ్చాడు. జనం పైకెత్తేశారు. కిందికి దించాక చెబుదామనుకున్నాడు. దించింది బజారు చివర. అప్పటికి వీధివీధికీ తెలిసిపోయింది.

జట్టులోవాళ్ళు నవ్వుకుని ఊరుకున్నారు. నాలుగు రోజులకు ఫిట్టర్ చేతికి కట్టుతో దుకాణానికి వచ్చాడు. వేరే ఊరికి బదిలీ అయిందట.

"పేరు నీకొచ్చిందటగా" అన్నాడు నవ్వుతూ.

తాళం ఏదో చెప్పబోయాడు.

"ఉండనీ. నేనెటూ పోతున్నా. ఇక్కడ బతకాల్సినవాడివి నువ్వు."

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, జట్టు తలో ఊరూ చేరింది. మరుసటేడు తాళానికి సంబంధం వచ్చింది, పిల్ల అన్న ఆ ఆట చూసినవాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకు అతను భార్యకు నిజం చెప్పాడు. ఆమె చాలాసేపు నవ్వి, అన్నయ్యకు మాత్రం చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు అంది. ఆ తర్వాత ఎప్పుడైనా అతను ఇంట్లో గొప్పలు పోతే, "ఫిట్టర్ గారూ, అన్నానికి రండి" అనేది. ఆ ఎగతాళి వల్లే అతనికి ఆ అబద్ధం మొయ్యగలిగే బరువులో ఉండేది. ఆమెతో ఆ మాట కూడా పోయింది. నాలుగేళ్ళ కిందట ఎవరో మాటల్లో ఫిట్టర్ చనిపోయాడని చెప్పారు. తాళం ఆ సంగతి డ్రెస్సింగ్ రూములో చెబితే, ఏ ఫిట్టర్ అని అడిగారు.

పదకొండో బొమ్మ వంతు వచ్చిన ఆదివారం, పద్ధతి ప్రకారం కండక్టర్ బయటికెళ్ళాడు. పోస్ట్‌మాన్ వాన గురించి, బురద గురించి, ఎడమవైపు దూకడం గురించి చెప్పాడు. కండక్టర్ లోపలికొచ్చి అదే చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

"మన అదృష్టం కొద్దీ ఆ ముందువాడు వేలు నొప్పని లోపలికి పోయి కూర్చున్నాడు. నాకు గుర్తుంది. ఆడపిల్లకి ముల్లు గుచ్చుకున్నట్టు మొహం పెట్టుకుని పోయాడు" అన్నాడు. అందరూ నవ్వారు.

తాళం లేచి నిలబడ్డాడు. ఇప్పుడు నోరు విప్పితే రేపటినుంచి బజారులో తనను ఏమని పిలుస్తారో అతనికి తెలియదు. అసలు పిలుస్తారో లేదో తెలియదు. విప్పకపోతే, చచ్చిపోయిన మనిషి ఆ నవ్వు కిందే ఉండిపోతాడు.

"ఆపింది నేను కాదు" అన్నాడు. "ఫిట్టరే. జెర్సీ మళ్ళీ వేసుకుని వెళ్ళాడు. విరిగిన వేళ్ళతో ఆడాడు."

 కండక్టర్ నెమ్మదిగా, టికెట్ లేని ముసలమ్మకు చెప్పినట్టు చెప్పాడు.

"చూడు తాళం. నేను గోడ మీదున్నా. వీడు షెడ్డు కింద ఉన్నాడు. ఇద్దరం నిన్నే చూశాం. బయట నిలబడొచ్చి మరీ చెప్పా. పద్ధతంటే పద్ధతే."

"నేను లోపలున్నాను. నాకు తెలియదా?"

"లోపలున్నవాడికి ఏం కనపడుద్దయ్యా?"

 ఫిట్టర్‌ను చూసిన సాక్షులు షెడ్డు నుంచి ఒకరు, గోడ నుంచి ఒకరు కావాలన్నారు. అలాంటివాళ్ళు ఎవరూ లేరు. వినయం మంచిదేగాని మరీ ఇంత పనికిరాదని ఒకాయన అన్నాడు. బొమ్మల జాబితా రాసుకునే పుస్తకంలో పదకొండో గీత మీద తాళం పేరు రాసేశారు.

పోస్ట్‌మాన్ దారి సగం దాకా తోడొచ్చాడు. ఒంటరిగా కూర్చుంటే మనసు ఏవేవో అల్లుతుందని, తన తమ్ముడికీ అలాగే అయిందని, సాయంత్రాలు తమ ఇంటికి వచ్చి కూర్చోమని చెప్పాడు. ఎంతో ప్రేమగా చెప్పాడు. ఆ వారమంతా బజారులో పలకరింపులు ఎక్కువయ్యాయి. రెండు కాదు, ఐదారు. గొంతు తగ్గించి, జ్వరం వచ్చినవాడిని పలకరించినట్టు. తాళం దగ్గరి దారినే టీకి వెళ్ళడం మొదలుపెట్టాడు.

బొమ్మలు వేసే అమ్మాయి ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, బోర్డులు రాస్తుంది, గోళ్ళ కింద నీలం రంగు. పది బొమ్మలు అయిపోయాయని, వయసులో ఉన్నప్పటి ఫోటో కావాలని అడిగింది.

తాళం పైకెళ్ళి పెట్టెలోంచి జట్టు ఫోటో తెచ్చాడు. వెనక వరసలో ఇద్దరు పక్కపక్కనే నిలబడి ఉన్నారు, ఒకరు ఆకుపచ్చ జెర్సీలో, ఇంకొకరు మామూలు చొక్కాలో. అతను ఆకుపచ్చ జెర్సీ మీద వేలు పెట్టాడు.

"ఇదిగో."

ఆమె ఫోటో చూసింది. అతన్ని చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"చెవులు మారవు బాబాయ్ గారూ" అంది.

"అప్పుడలా ఉండేవి."

ఆమె కాగితం, పెన్సిలు తీసింది. ఎలా దూకారో చూపించమంది. తాళం గుడ్డలు కత్తిరించే బల్ల మీద ఎడమపక్కకు పడుకుని ఎడమచెయ్యి చాచాడు. కుడిచెయ్యి ఛాతీకి దగ్గరగా, పిట్టను పట్టుకున్నట్టు ముడుచుకున్నాడు. ఆ చేతికి రెండు వేళ్ళు కలిపి గుడ్డ చుట్టి ఉండాలన్నాడు. నలభై ఏళ్ళ కిందట బెంచీ మీద నుంచి తను చూసిందంతా, మోకాలు ఎంత వంగిందో, నోరు ఎలా తెరుచుకుందో, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. అంతసేపు అతను ఒకరితో మాట్లాడి చాలాకాలమైంది. ఆమె గీసుకుంటూనే ఉంది.

బొమ్మలు చూడటానికి అందరూ వచ్చారు. పదకొండోదాని ముందు కండక్టర్ నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"అచ్చు నువ్వే. మీసంతో సహా."

వేళ్ళకు ఆ గుడ్డేమిటని ఎవరో అడిగారు. ముందు రోజు దుకాణంలో సూది దిగిందని, తాళం అలాగే ఆడాడని, తనకు బాగా గుర్తుందని కండక్టర్ చెప్పాడు. పోస్ట్‌మాన్ కాస్త దూరంలో ఉన్నాడు, అతన్ని పిలిచి అడిగితే అతనూ సూదే అన్నాడు. తాళాన్ని బొమ్మ పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. అతను నిలబడ్డాడు.

అందరూ వెళ్ళాక అమ్మాయి బ్రష్షులు కడిగి, డబ్బాలకు మూతలు బిగించి అతని దగ్గరికి వచ్చింది.

"ఆయన పేరేంటి?" అని అడిగింది.

తాళం చెప్పాడు. ఫిట్టర్ అని కాదు, అసలు పేరు. ఆమె ఆ పేరును ఒకసారి మెల్లగా పలికి చూసుకుంది. నిచ్చెన భుజానికెత్తుకుని, ఇంకో వీధిలో బోర్డు ఉందంటూ వెళ్ళిపోయింది.

తాళం మైదానం దాటి షెడ్డు కిందికెళ్ళి కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద ఫిట్టర్ గాల్లో పడుకుని ఉన్నాడు. అతని చూపంతా బంతి మీదే ఉంది, ఇటు లేదు.