కొమ్మ మీద ఎరుపు

ఫలితం తెర మీద కనిపించగానే సాయి ప్రియ దాన్ని రెండోసారి చదివింది.

ముకేశ్ అంకుల్ తోటలో చెస్ట్‌నట్ కొమ్మల బెరడును పుండులా తినేస్తున్నది పరదేశపు మహమ్మారి ఫంగస్ కాదు. న్యూజిలాండ్ తోటల్లో ఎప్పటినుంచో ఉన్న మామూలు రకం. ఎండిన కొమ్మలు కోసేస్తే చాలు.

కానీ నిన్ననే, ఫలితం రాకముందే, ఆల్బనీలో తను పనిచేసే మొక్కల రోగాల ల్యాబ్ నుంచి దొంగచాటుగా ఫోన్ చేసింది. "ముకేశ్ అంకుల్, ఆ వరస మొత్తం నరికేయండి. మా బాస్‌కి తెలిస్తే తోటంతా తగలబెట్టిస్తారు."

సొంత మనుషులని చెప్పింది. ఆ మహమ్మారే అయితే, నారింజ రంగు పుండు మీద క్షారం చుక్క వేస్తే ఊదా రంగు రావాలి. ఎరుపొచ్చింది. భయపడిన కళ్ళకు అది ఊదాగానే కనిపించింది.

ఇప్పుడు అంకుల్ ఫోన్ ఎత్తడం లేదు. కారు తీసింది. హెండర్సన్ దాటి తోట చేరేసరికి రంపం చప్పుడు లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

వరస పొడుగునా మొద్దులు. ముకేశ్ భార్య క్రిష్ణవతి ఆంటీ వాటికి బ్రష్‌తో మందు పూస్తోంది, మళ్ళీ చిగురించకుండా.

"ఆంటీ, ఆపండి!"

"ఏం బేటీ, అంత పరుగు? సగమే అయింది." ఆంటీ కళ్ళు తుడుచుకుంది. "తప్పంతా నాదే. కొమ్మ కోసిన ప్రతిచోటా పసుపు పూశాను. ఫిజీలో మా అమ్మ మామిడికి అలాగే పూసేది."

"చెప్పానా, నీ వంటింటి వైద్యం!" అన్నాడు ముకేశ్. "తోటని చంపింది!"

పసుపు. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుంది. తన పెళ్ళికి పారాణి కలిపింది తనే. క్షారం చుక్క కూడా చేసింది అదే.

నోరు మూసుకుంటే ఆంటీ జీవితాంతం ఆ తప్పు మోస్తుంది. తన ఉద్యోగం నిలుస్తుంది.

"పసుపు ఏమీ చేయలేదు అంకుల్. దాన్ని చూసి రోగమనుకున్నది నేను. చెట్లు నరకక్కర్లేదు."

ముకేశ్ మొద్దులకేసి తిరిగాడు.

"మందు పూయనివి?"

"చిగురిస్తాయి."

"పూసినవి?"

"ఇప్పుడే, మందు లోపలికి దిగకముందే, పైన ఒక బిళ్ళ కోసేస్తే... కొన్నైనా బతకొచ్చు."

ఆయన సాయి ప్రియ మొహం చూడలేదు. మోటారు రంపం అందుకుని తాడు లాగాడు.

సాయి ప్రియ బాస్‌కి ఫోన్ చేసి, నిన్న తను చేసిన పని చెప్పింది. రంపం హోరులో అవతలి మనిషికి వినబడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు.

దూరంగా వెళ్ళి మాట్లాడొచ్చు. వెళ్ళలేదు. ఆంటీ పక్కనే నిలబడి, ఆమెకు కూడా వినబడేలా, గొంతెత్తి మళ్ళీ మొదటినుంచి చెప్పింది.