కాళ్ళకింద నీడ

తుంటి ఎముక విరిగి అమ్మమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఫొటో దిగారు. ఆ లోటు తీర్చాలని మనవరాలు ఆవిణ్ణి పాత ఫొటోలోంచి కత్తిరించి, కంప్యూటర్‌లో పెద్దమామయ్య పక్కన నిలబెట్టింది. నీడ కూడా పెట్టింది, మొత్తం ఒకే నలుపు.

అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుంది. “కాళ్ళు నేలకి ఆనలేదేమే? అప్పుడే నన్ను పైకి పంపేశావా?”

“నీడ కుదర్లేదమ్మమ్మా. ఓసారి కిటికీ దగ్గర నిలబడు, చూసి దిద్దుతా.”

డాక్టరు వదిలెయ్యమని చెప్పి నెల దాటినా ఆవిడ చేతికర్ర వదలడం లేదు.

“కర్రతో వద్దు, దాని నీడ అడ్డొస్తుంది. ఊచ పట్టుకో.”

“నీ నీడకోసం నా నడుం విరగ్గొట్టేలా ఉన్నావు,” అని సణుగుతూనే కర్రని మంచానికి ఆనించి, ఊచ పట్టుకుని నిలబడింది.

మనవరాలు నేలమీద బోర్లా పడుకుని చూసింది. నీడ చెప్పుల అంచున చిక్కగా ఉంది, దూరం వెళ్ళేకొద్దీ పల్చబడి మసకబారింది. లేచి ఫొటోలోనూ అలాగే దిద్దింది. కొసని మామయ్య ప్యాంటు మీదికి మళ్ళించింది.

“ఇప్పుడు చూడు.”

అమ్మమ్మ ఊచ వదిలి, నాలుగడుగులు వేసి, తెర మీదికి వంగింది. “ఆఁ, ఇప్పుడు నేలమీదున్నాను.”

మనవరాలు ఓరకంట మంచం వైపు చూసింది. కర్ర ఇంకా మంచానికి ఆనించే ఉంది.